మాలకొండ స్వామికి మొక్కుకున్న పేరు బాబుకి పెట్టాలా వద్దా? మన వైపు పేర్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

కందుకూరు_కోడలు

అందరికీ నమస్తే. మాది కందుకూరు పక్క పల్లె, నా పుట్టిల్లు నెల్లూరు. పెళ్ళయిన ఏడేళ్ళకి మాకు బాబు పుట్టాడు. నాలుగో నెల జరుగుతుంది, ఇంతవరకు వాడికి పేరు లేదు. పురుడయింది, ఉయ్యాల్లో కూడా వేశాం, పేరు మాత్రం తేలక చిన్నోడా, నాన్నా, బంగారూ అని తలా ఒకటి పిలుస్తా ఉన్నాం.

సంగతేందంటే మా అత్తమ్మ మాలకొండ స్వామికి మొక్కుకుంది, మనవడు పుడితే నీ పేరు పెట్టుకుంటా అని. ఆ గుడి వారంలో ఒక్క శనివారమే తీస్తారు కదా, ఈ ఏడేళ్ళల్లో ఆమె శనివారం తప్పించింది చాలా తక్కువ, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కేది, కొండ మీద కూర్చుని కాళ్ళకి జండూబామ్ రాసుకునేది, మళ్ళీ వారం బయల్దేరేది. మా మామగారి పేరు కూడా ఆ స్వామి పేరే, ఆయన పోయి రెండేళ్ళయింది. అందుకని ఆమెకి ఇది దేవుడి పేరూ అవుతుంది, మొగుడి పేరూ అవుతుంది.

మా ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఆయన ఫోన్లో ఒక లిస్టు ఉంది, రియాన్ష్, వియాన్, క్రిషివ్, ఇట్టాంటివి. మాలకొండయ్య అని పెడితే స్కూల్లో ఏడిపిస్తారు, రేపు బయటి దేశం పోతే ఎవరికీ నోరు తిరగదు అంటాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన కూడా కొడుకు బాగు కోసమే అంటున్నాడు. ఇది చాలదన్నట్టు మా నాన్న పంతులు గారిని అడిగితే హస్త నక్షత్రం మూడో పాదం, "ణ" అక్షరం వచ్చిందన్నారు. ణ తో పేరు యాడ దొరుకుద్ది?

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్ళ కింద రొట్టెల పండక్కి మా అమ్మ నన్ను నెల్లూరు బారాషహీద్ దర్గాకి తీసుకపోయింది. కోరిక తీరినవాళ్ళు వచ్చి అదే కోరిక ఉన్నవాళ్ళకి రొట్టె ఇస్తారు కదా అక్కడ. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి పిల్లల రొట్టె ఎవరి దగ్గరుంది అని అడుగుతా ఉంటే ఒకామె చంకలో పిల్లోడితో వచ్చి నా కొంగులో రొట్టె పెట్టింది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతులకి మట్టిగాజులు. పిల్లోడి పేరేందక్కా అంటే మస్తానయ్య అంది. నీక్కూడా పుడతాడు, మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టియ్యి అని చెప్పి జనంలో కలిసిపోయింది. అప్పుడు నాకు ఆ పేరు గురించి ఏం తోచలా, ఇప్పుడు వాడికి పేరు వెతుకుతా ఉంటే రోజూ ఆమే గుర్తొస్తుంది. తన బిడ్డ ఎవరి దయతో వచ్చాడో ఆ పేరే పెట్టుకుని ధైర్యంగా చెప్పింది కదా అని.

మన వైపు ఈ మాలకొండయ్య, పెంచలయ్య, మస్తానయ్య లాంటి పేర్లు ఎందుకు తగ్గిపోయినాయి, ఇప్పుడు పెడితే నిజంగా పిల్లోడికి ఇబ్బందా, ఆ అక్షరం సంగతేంది, తెలిసినవాళ్ళు చెప్పండి. మా ఆయనకి కూడా చూపిస్తా.

రిటైర్డ్_మాస్టారు

అమ్మా, ముందు బాబుకి నా ఆశీస్సులు. నేను 1983లో టీచరుగా చేరి పామూరు, కనిగిరి, కందుకూరు మండలాల్లో పనిచేసి 2019లో రిటైర్ అయినాను. ముప్పై ఆరేళ్ళు రోజూ పొద్దున అటెండెన్స్ పిలిచినవాణ్ణి, అందుకని పేర్లు ఎట్టా మారినాయో నా నోటికి తెలుసు.

నా మొదటి స్కూల్లో మూడో తరగతిలో ముగ్గురు మాల్యాద్రులు, ఇద్దరు మాలకొండయ్యలు, ఒక మాలకొండమ్మ ఉండేవాళ్ళు. మాల్యాద్రి అన్నా మాలకొండే కదా. మాల్యాద్రీ అని పిలిస్తే ముగ్గురూ ప్రెజెంట్ సార్ అనేవాళ్ళు, అందుకని పొడుగు మాల్యాద్రి, బావికాడ మాల్యాద్రి, చాకిరేవు మాల్యాద్రి అని పిలుచుకునేవాళ్ళం. అప్పట్లో మన వైపు పేరు వింటే ఊరు అడగాల్సిన పని లేదు. పెంచలయ్య, పెంచలమ్మ, చెంచయ్య, చెంచమ్మ అంటే రాపూరు పక్క పెంచలకోన. అక్కడ నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని కథ కదా, అందుకని ఒక్క కోన నించి స్వామి పేరూ వచ్చింది, అమ్మ పేరూ వచ్చింది. వెంగయ్య, వెంగమ్మ, వెంగమాంబ అంటే దుత్తలూరు మండలం నర్రవాడ వెంగమాంబ పేరంటాలు, ఉదయగిరి, వింజమూరు, పామూరు దాకా ఆ పేర్లే. చెంగయ్య, చెంగమ్మ అంటే సూళ్ళూరుపేట చెంగాళమ్మ. కామాక్షమ్మ, కామాక్షయ్య అంటే జొన్నవాడ. చెన్నకేశవులు అంటే మార్కాపురం. కోటయ్య, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండకి ప్రభలు కట్టే ఊళ్ళు, అద్దంకి, చీరాల వైపు.

ఇట్టా రకరకాలుగా ఉండటానికి జిల్లా కట్టిన తీరు కూడా ఒక కారణం. 1970లో ఒంగోలు జిల్లా చేసినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నించి తీసుకున్నారు, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నించి, ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నించి. 1972లో ప్రకాశం గారి పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. జిల్లా ఏదైనా మాలకొండకి మొక్కేవాళ్ళు మొక్కుతానే ఉన్నారు.

ఇంకో రకం పేర్లుండేవి, ఇప్పటివాళ్ళు వాటి అర్థం తెలియక నవ్వుతారు. పుల్లయ్య, పెంటయ్య, పిచ్చయ్య. పుట్టిన బిడ్డ పుట్టినట్టు పోతా ఉంటే, మళ్ళీ పుట్టినవాణ్ణి ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరి చేతనో భిక్షగా ఇప్పించుకుని ఆ పేరు పెట్టేవాళ్ళు. ఇంత పనికిరాని పేరున్న బిడ్డని చావు కూడా తీసుకపోదు అని ఒక ఆశ. 1971లో కూడా దేశం మొత్తం మీద పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. 2020కి అది 28కి తగ్గింది. టీకాలు, ఆస్పత్రి కాన్పులు వచ్చినాక ఆ పేర్ల అవసరం పోయింది. అవి పోయినందుకు నాకేం బాధ లేదు, ఏ తల్లికీ ఆ పేరు పెట్టే రోజు రాకూడదు. మా క్లాసులో ఒక పుల్లయ్య ఉండేవాడు, వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం గంటకి స్కూలు గోడ దగ్గరికి వచ్చి వాడున్నాడా లేదా అని చూసుకుని పోయేది. ఆమెకి వాడు అయిదో కాన్పు, బతికింది వాడొక్కడే.

మిగతా పేర్లు మాత్రం మెల్లగా వేషం మార్చుకుంటా వచ్చినాయి. తాత మాలకొండయ్య, కొడుకు మాలకొండ రావు, లేకపోతే మాల్యాద్రి, మనవడికి వచ్చేసరికి అదే పేరు ముందు ఒక పొడి అక్షరమై వెనక సురేష్, రమేష్, మహేష్ వచ్చినాయి. 80ల చివర నించి సాయి మొదలయింది. షిరిడీ సాయిని మన జిల్లాల్లో ఇంటింటికీ చేర్చిన ఎక్కిరాల భరద్వాజ గారు విద్యానగర్‌లో లెక్చరరుగా చేశారు, తర్వాత ఒంగోల్లో ఉండి 1989లో అక్కడే పోయారు. అందుకనే మన వైపు సాయిలతో పాటు భరద్వాజ అనే పేరు కూడా కులంతో పని లేకుండా కనపడుతుంది. నా చివరి అయిదారేళ్ళల్లో అయితే రిజిస్టర్ తెరిస్తే ఆ పిల్లలు కనిగిరివాళ్ళో కాన్పూరువాళ్ళో చెప్పలేని పేర్లు. పిల్లలు బంగారాలే, వాళ్ళ పేర్లని తప్పు పట్టట్లేదు. కానీ నలభై మందిలో ఒక్క కొండ పేరు, ఒక్క అమ్మవారి పేరు లేకపోతే పిలిచే నాకే వెలితిగా ఉండేది.

మీ అత్తగారి మోకాళ్ళ సంగతి చదివినాక నేను చెప్పేది ఒకటే, ఆ పేరు ఏదో ఒక రూపంలో బాబు మీద ఉండాలి.

పెంచల్_బెంగళూరు

అక్కా, నా పేరే పెంచలయ్య, మాది రాపూరు పక్కన. బావ గారికి తప్పకుండా చూపించండి, నేను కూడా బెంగళూర్లోనే ఐటీలో ఉండా.

ఏడిపిస్తారా అంటే ఏడిపిస్తారు, అబద్ధం చెప్పను. ఇంటర్‌కి ఊరు దాటి హాస్టల్లో చేరినప్పుడు మొదటి రోజే పంచెలయ్య, పంచెలయ్య అని మొదలుపెట్టినారు, రెండు నెల్లు అన్నం సరిగ్గా తినలా, ఇంటికి ఫోన్ చేసి నాకీ పేరెందుకు పెట్టినారు అని మా నాయన మీద అరిచినా. ఆయన ఏం మాట్లాడలా. ఇంజినీరింగ్‌లో నేనే అందరికీ పవన్ అని చెప్పుకున్నా, ఉద్యోగంలో చేరినాక కూడా కొన్నాళ్ళు అదే.

తర్వాత ఏమయిందంటే, కోవిడ్ రెండో వేవ్‌లో మా నాయనకి సీరియస్ అయింది, నెల్లూర్లో ఒక ఆస్పత్రిలో బెడ్ లేదన్నారు, అంబులెన్స్‌లోనే ఉండాం, ఫారం నింపతా ఉంటే అక్కడి స్టాఫ్‌లో ఒకాయన నా పేరు చదివి కోన వైపా మీది, మా అమ్మ పేరు పెంచలమ్మ అన్నాడు. అంతే, ఇంకేం అడగలా. లోపలికి పోయి అటూ ఇటూ తిరిగి గంటలో బెడ్ చూసినాడు. ఆయన పేరు కూడా నాకు తెలీదు, మళ్ళీ పోతే కనపళ్ళా. మా నాయన బతికినాడు. ఆ రోజు నించి నేను పవన్ అని ఎవరికీ చెప్పలా, ఆఫీసులో కూడా అందరికీ పెంచల్ అనే చెప్పినా. మా టీంలో తమిళ అబ్బాయి, కేరళ అమ్మాయి, ఒక పోలండ్ ఆయన, అందరూ పెంచల్ అనే పిలస్తారు, రెండక్షరాలు, ఎవరి నోరూ తిరగకుండా పోలా. పోలండ్ ఆయన పేరు పలకడానికే మాకు నెల పట్టింది, ఆయనేం మార్చుకోలేదు కదా.

నాకు పాప పుట్టింది పోయినేడు. పెంచల లాస్య అని పెట్టుకున్నాం.

తెలుగు_టీచర్_కావలి

కోడలమ్మా, ఆ "ణ" గురించి బెంగపెట్టుకోకు. హస్త నాలుగు పాదాలకి పూ, ష, ణ, ఠ అని అవకహడ చక్రంలో ఉంటుంది. ణ తో తెలుగులో మాట మొదలవదు, అందుకని పెద్దలు ఎప్పటినించో న తో పెట్టుకుంటా వచ్చారు. మా అమ్మాయికి ఆర్ద్ర రెండో పాదం, ఘ వచ్చింది, మేము గ తో పెట్టాం, పంతులు గారే సరే అన్నారు. పాతకాలంలో అసలు నక్షత్రం పేరు వేరు, పిలిచే పేరు వేరు. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో అయితే ఆ పేరు ఒడుగు అయ్యేదాకా తల్లికీ తండ్రికీ మాత్రమే తెలియాలని ఉంది. అంటే అందరూ పిలిచే పేరుకి ఆ అక్షరమే ఉండాలని పట్టింపు ఏమీ లేదన్నమాట.

అయినా నీకు అక్షరం కూడా కలిసొచ్చింది చూసుకో. మాలకొండలో ఉన్నది ఎవరు? లక్ష్మీ నరసింహుడే కదా. న తోనే మొదలు. మొక్కూ తీరుతుంది, పాదమూ కుదురుతుంది.

ఇంక మీ ఆయన లిస్టు గురించి. నేను ఆ పేర్లు పెట్టుకున్నవాళ్ళని తక్కువ చేయట్లేదు, మా మేనల్లుడి పేరు కూడా అట్టాంటిదే, వాడంటే నాకు ప్రాణం. కానీ అర్థం ఉందనుకుని మోసపోకూడదు. రియాన్ష్, వియాన్ అనే మాటలు సంస్కృత నిఘంటువులో యాడా లేవు. అంశ అంటే భాగం, అది హిందీలో అన్ష్ అయింది, దాని ముందు ఏదో ఒకటి తగిలించి సూర్యుడి అంశ అని ఒక వెబ్‌సైట్‌లో, విష్ణువు అంశ అని ఇంకో వెబ్‌సైట్‌లో రాసుకుంటారు. ఆద్య అంటే మొదటిది, మంచి పేరు, దాన్ని ఆధ్య అని ఒత్తు పెట్టి రాస్తే అర్థమే పోతుంది, నా క్లాసులో ఇద్దరు ఆధ్యలున్నారు, పుట్టిన కాగితంలోనే అట్టా పడిపోయింది. సురేష్ రమేష్ కూడా ఒకప్పుడు ఇట్టా ఉత్తరాది నించి వచ్చినవే, సురేశుడు రమేశుడు అక్కడ చివర అచ్చు పోగొట్టుకుని సురేశ్ అయి, మన దగ్గరికొచ్చి ష్ అయింది. అందుకని మార్పు కొత్త కాదు. నెల్లూరులో ఉండి భారతం రాసిన తిక్కన గారి నాన్న పేరు కొమ్మన, శిష్యుడు మారన, ఆయనకి కావ్యం అంకితం ఇచ్చిన కవి కేతన. ఆ పేర్లు ఇప్పుడు ఎవరూ పెట్టట్లేదు. అద్దంకి శాసనంలో పండరంగడు ఉన్నాడు, ఆ పేరు కూడా పోయింది. పోయేవి పోతాయి, కానీ ఇంట్లో మనిషి మొక్కుకున్న పేరు మన చేతుల మీదుగా పోవాల్సిన పని లేదు.

పూర్తి పేరు మాల్యాద్రి నరసింహ అనుకుని చూడు. గట్టిగా పైకి అని చూడు.

ఏఎస్‌పేట_షేక్

సలాం. నెల్లూరు ఆడబిడ్డ రాసిన రొట్టె మాట చదివి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించినా. మాది అనుమసముద్రంపేట, దర్గా వీధి.

మస్తాన్ అనే పేరు మా దగ్గర తురకం తెలుగు అని చూసేది లేదు. కసుమూరు దర్గాకి మొక్కుకుని పుట్టిన రెడ్ల పిల్లోడు మస్తాన్ రెడ్డి, యాదవుల పిల్లోడు మస్తానయ్య, ఆడపిల్ల అయితే మస్తానమ్మ, మా ఇంట్లో అయితే మస్తాన్ వలి, మస్తాన్ బీ. మా ఊరి ఖాజా నాయబ్ రసూల్ స్వామి పేరు మీద రసూల్, ఖాజా, ఖాజావలి ఎంతమందో. పేర్లు వేరువేరుగా వినపడతాయి గానీ గౌస్, దస్తగిరి, జిలాని, ఖాదర్, మహబూబ్ సుభాని ఇవన్నీ బాగ్దాద్ అబ్దుల్ ఖాదర్ జిలాని గారి ఒక్కరి పేర్లూ బిరుదులే. మా తాత ముగ్గురు కొడుకులకి దస్తగిరి, గౌస్ బాషా, జిలాని బాషా అని పెట్టినాడు, ముగ్గురిదీ ఒకే పేరు అని మాకు పెద్దయినాక తెలిసింది.

మాలో కూడా మారిపోయింది. ఇప్పుడు అయాన్, అర్హాన్, జోయా, ఇనాయా. మా అబ్బాయి పేరు అయానే, నేనే పెట్టినా, ఇప్పుడు వాడి మదరసాలో ఎటు చూసినా అయాన్లే. వేరుగా ఉండాలని పెడితే అందరితో సమానమయింది. మీ బాబు మాల్యాద్రి అయితే వాడి క్లాసులో వాడొక్కడే ఉంటాడు చూడండి.

రొట్టె మాత్రం మర్చిపోవద్దమ్మా. ఈసారి పండక్కి బిడ్డని ఎత్తుకుని రండి, పిల్లల రొట్టె కోసం నీళ్ళల్లో నిలబడి ఉండేవాళ్ళు ఎంతోమంది ఉంటారు.

డల్లాస్_లో_కావలి

బయటి దేశం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇక్కడ పన్నెండేళ్ళ నించి ఉంటున్నా. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్ళు 1880 నించి ఏ ఏడు ఎంతమందికి ఏ పేరు పెట్టారో లిస్టు పెట్టి ఉంచారు, ఒక ఏడాదిలో కనీసం అయిదుగురికి పెట్టిన ప్రతి పేరూ అందులో ఉంటుంది, మా పాప పుట్టేటప్పుడు రాత్రుళ్ళు కూర్చుని చూస్తా ఉండేవాణ్ణి. మేరీ అనే పేరు 1880 నించి 1946 దాకా ప్రతి ఏడూ ఆడపిల్లల్లో ఫస్టే, ఇప్పుడు మొదటి వందలో కూడా లేదు. ఎమ్మా అనే పేరు 1880లో మూడో స్థానం, తర్వాత ముసలమ్మల పేరు అని వదిలేస్తే 1970ల్లో నాలుగొందల కిందికి పడిపోయింది, మళ్ళీ 2014 నించి 2018 దాకా వరసగా అయిదేళ్ళు ఫస్టు. అమ్మ తరం పేరు పాతగా అనిపిస్తుంది, ముత్తవ్వ తరం పేరు ముద్దొస్తుంది, ఇక్కడ జరిగేది అదే. మన మాల్యాద్రి ఇప్పుడు సరిగ్గా ముత్తాతల వరసలోకి వచ్చాడు.

నోరు తిరగదనేది పెద్ద సమస్య కాదు. ఒకసారి చెప్తే రెండోసారికి నేర్చుకుంటారు. నేర్చుకోనివాళ్ళు వియాన్‌ని కూడా సరిగ్గా పలకరు.

ఒంగోలు_గ్రేస్

మా వైపు మాట కూడా ఒకటి. మా ఇళ్ళల్లో పేర్లు మారింది మిషన్ నించి. 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో, బాప్టిస్ట్ మిషనరీ క్లౌ దొర కాలంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, మా ముత్తవ్వ వాళ్ళ అమ్మానాన్నలు ఆ జనంలో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటినించి మా దగ్గర సువార్తమ్మ, కరుణమ్మ, దేవదానం, ఆశీర్వాదం, యోహాను. మా నాయనమ్మ సువార్తమ్మ. నా పేరు గ్రేస్, మా తమ్ముడి కొడుకు జేడెన్. ఆశీర్వాదం అనే పేరు మాత్రం ఎవరైనా మళ్ళీ పెడితే బాగుండని నాకు ఆశ. ఇంట్లో బిడ్డని ఆశీర్వాదం అని పిలవడం ఎంత బాగుంటుంది.

సచివాలయంలో_పనిచేస్తా

పేరు ఏది పెట్టినా ఇది చూసుకోండి మేడం. బర్త్ 21 రోజుల్లో రిజిస్టర్ అయిపోయి ఉంటే, పేరు చేర్చుకోవడానికి రిజిస్టర్ అయిన రోజు నించి 12 నెలల దాకా ఫీజు లేదు, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా లేటు ఫీజు కట్టి చేర్చుకోవచ్చు. మీకు ఇంకా టైం ఉంది, కంగారు పడి ఏదో ఒకటి రాయించొద్దు. ఎందుకంటే 2023 అక్టోబర్ 1 నించి పుట్టినవాళ్ళకి స్కూలు అడ్మిషన్‌కి, ఆధార్‌కి, ఓటుకి, డ్రైవింగ్ లైసెన్స్‌కి పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. పేరు చేర్చడం తేలిక, ఒకసారి చేర్చినాక మార్చడం చానా కష్టం, రోజూ మా టేబుల్ ముందు నిలబడేది అట్టాంటివాళ్ళే.

ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్ట్ టైంలో ఆ అక్షరం విడదీయలేక ఇబ్బంది పడతారు. తెలుగులో, ఇంగ్లీషులో రెండింటిలోనూ మీరే కాగితం మీద రాసి ఇవ్వండి, ఆపరేటర్‌కి నోటితో చెప్పొద్దు. ఒక బాబుకి వెంగమనాయుడు అని చెప్తే వేరే చోట ఎవరో వేగం నాయుడు అని కొట్టారు, వాళ్ళ నాన్న దాన్ని పట్టుకుని మా దగ్గరికి మూడుసార్లు తిరిగాడు పాపం.

కందుకూరు_కోడలు

అందరికీ చేతులెత్తి దణ్ణం. మా ఆయన శుక్రవారం రాత్రి బస్సులో వస్తా వస్తా మొత్తం చదివాడు. పెంచల్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాడంట. ఇంటికి వచ్చి ఏం మాట్లాడలా, పొద్దున్నే లేచి కారు తుడిచి, అమ్మా మాలకొండ పోదాం పద అన్నాడు.

నిన్న శనివారం జనం బాగా ఉన్నారు. అత్తమ్మ ఈసారి కూడా మెట్ల మీదే వస్తానంది, బాబుని మా ఆయన ఎత్తుకున్నాడు, నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. అర్చన దగ్గర పూజారి గారు గోత్రం అడిగి, బిడ్డ పేరేందమ్మా అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు, నేను అత్తమ్మ వైపు చూశా. ఆమె పెళ్ళయిన నలభై రెండేళ్ళల్లో మామగారి పేరు ఒక్కసారి కూడా పైకి అనలేదు, రేషన్ కార్డు రాసేవాళ్ళు అడిగినా పక్కింటివాళ్ళ చేత చెప్పించేది, అందుకే అసలు బిడ్డకి ఆ పేరు పెడితే ఈమె ఎట్టా పిలుస్తుందా అని నాకు లోపల ఒక అనుమానం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొంచేపు ఆగి, మాల్యాద్రి అంది. చిన్నగా. పూజారి గారికి వినపళ్ళా, ఏందమ్మా అని మళ్ళీ అడిగారు. ఈసారి కొంగు తీసేసి మాల్యాద్రి నరసింహ సామీ అని గట్టిగా చెప్పింది.

దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఒరే మాల్యాద్రీ అని పిలుస్తానే ఉంది.

రొట్టెల పండక్కి బాబుతో వస్తాం, షేక్ అన్నా, మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి. ఇప్పుడు ఒక్క డౌట్ మిగిలింది, సచివాలయం సార్‌కి. ఇంగ్లీషులో మాల్యాద్రి ఎట్టా రాయించాలి, ఎల్ తర్వాత వై పెట్టాలా ఐ పెట్టాలా? మా ఊళ్ళో ఇద్దరు మాల్యాద్రులున్నారు, ఒకరిది ఒకరకం, ఇంకొకరిది ఇంకోరకం.

సచివాలయంలో_పనిచేస్తా

వై పెట్టండి మేడం, పలకడానికి అదే దగ్గర. సోమవారం ఆస్పత్రి కాగితం, మీ ఇద్దరి ఆధార్ జిరాక్స్ తీసుకుని మీ సచివాలయానికి వెళ్ళండి. బాబుని తీసుకెళ్ళక్కర్లేదు, ఎండలు ఎక్కువగా ఉన్నాయి.